విశాఖలో చిన్న సహాయ నిధి: ఎవరికి, ఎంత, ఏ దారిన ఇవ్వాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. ఎంవీపీ కాలనీలో 40 మంది రిటైరైన ఉద్యోగులు కలిసి నెలకు తలా ₹500 వేసుకుంటున్నారు. ఇప్పటికి ₹4 లక్షలు పోగయ్యాయి. చుట్టుపక్కల బస్తీల్లో కష్టంలో ఉన్న కుటుంబాలకు సాయం చేయాలనుకుంటున్నారు. ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, మోసపోకుండా ఎలా, రిజిస్ట్రేషన్ తప్పదా అని అడిగారు. మీరడిగిన వరుసలో కాకుండా, డబ్బు ఎక్కువగా వృథా అయ్యే చోటు నుంచి మొదలుపెడతాను.

నెలకు ₹20,000 వచ్చే నిధి ఎవరి గుండె ఆపరేషన్ ఖర్చూ మొయ్యలేదు, ఎవరి అప్పూ తీర్చలేదు. ఆ ప్రయత్నం చేస్తే మూడు నెలల్లో నిధి ఖాళీ అవుతుంది, ఆ కుటుంబమూ ఒడ్డున పడదు. చిన్న నిధికి తగిన పని వేరే ఉంది. కష్టంలో ఉన్న చాలా ఇళ్లకు ప్రభుత్వం నుంచో, బీమా నుంచో, పీఎఫ్ నుంచో రావాల్సిన డబ్బు ఉంటుంది. అది ఒక ధ్రువపత్రం దగ్గరో, పేరులో ఒక అక్షరం దగ్గరో, మంజూరులో ఆలస్యం వల్లో ఆగిపోయి ఉంటుంది. ఆ ఆగిన చోట మీరు ₹3,000 పెడితే ₹2 లక్షలు కదలొచ్చు. అదే ₹3,000 కార్పొరేట్ ఆసుపత్రి బిల్లులో పడితే ఆనవాలు కూడా ఉండదు. అందుకని దరఖాస్తు చేతిలోకి రాగానే ఎంత ఇద్దామన్న మాట పక్కన పెట్టండి. ఈ ఇంటికి రావాల్సిందేమిటి, అది ఎక్కడ ఆగింది, వచ్చేదాకా ఇల్లు ఎలా గడుస్తుంది అన్న మూడు సంగతులు ముందు తేల్చుకోండి.

సంపాదించే మనిషి పోయిన ఇల్లు

మీకు వచ్చే దరఖాస్తుల్లో అన్నిటికన్నా శ్రద్ధగా చూడాల్సినవి ఇవే, ఎందుకంటే ఇక్కడ గడువులుంటాయి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రే సమాచారం పంపుతుంది. ఇంట్లో పోతే కుటుంబమే చెప్పుకోవాలి, దుఃఖంలో ఆ పని మరిచిపోతారు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్లాల్సి వస్తుంది. మరణ ధ్రువపత్రం లేకుండా తర్వాతి పని ఏదీ జరగదు కాబట్టి, మీ మనిషి మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అది.

రెండోది, చనిపోయినాయన పాస్‌బుక్. ఎన్ని ఖాతాలుంటే అన్ని పాస్‌బుక్‌లూ బ్యాంకులో ప్రింటు వేయించి, ఒక్కో పద్దు మీద వేలు పెట్టి చదవండి. మే నెలాఖరు, జూన్ మొదటి వారం దగ్గర ఆగండి. అక్కడ ₹436 కోత కనిపిస్తే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా: ఏ కారణంతో పోయినా ₹2 లక్షలు. ₹20 కోత కనిపిస్తే సురక్షా బీమా: ప్రమాదంలో పోతే ₹2 లక్షలు. ఖాతా తెరిచిన రోజున చూపించిన చోటల్లా సంతకం పెట్టేసి, తనకు బీమా ఉందని తనకే తెలియకుండా పోయినవాళ్లు చాలామంది ఉంటారు. ఆ పద్దు దొరికితే అదే రోజు బ్యాంకు శాఖకు వెళ్లి క్లెయిమ్ ఫారం అడగాలి. నామినీగా ఎవరి పేరుందో కూడా అప్పుడే చూడాలి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాలో తల్లి పేరే ఉండిపోవడం మామూలే. భార్యకూ అత్తగారికీ మధ్య మాట పట్టింపులు మొదలవకముందే ఇద్దరినీ కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పడం మంచిది.

ఆయన ఫోనులోని సిమ్ పారేయొద్దని గట్టిగా చెప్పండి. ఆధార్‌కూ, బ్యాంకుకూ, పీఎఫ్‌కూ కలిపిన నంబరు అదే, ఓటీపీలు దానికే వస్తాయి. రీచార్జి లేక ఆ నంబరు ఆగిపోతే పని నెలల తరబడి వెనక్కి పోతుంది. ఆ రీచార్జి మీ నిధి నుంచి చేయించండి, దానికి మీటింగు అక్కర్లేదు. స్టీల్ ప్లాంటు, పోర్టు కాంట్రాక్టు పనుల్లోనో, పరవాడ ఫార్మా కంపెనీల్లోనో చేసిన మనిషైతే పీఎఫ్ కోత ఉందేమో ఆ ఫోనులోని పాత మెసేజీల్లోనే తెలిసిపోతుంది. పీఎఫ్ సొమ్ముతోపాటు కుటుంబ పింఛనూ, ఉద్యోగంలో ఉండగా పోతే గరిష్ఠంగా ₹7 లక్షల దాకా బీమా కూడా ఉంటాయి. ఈఎస్‌ఐ ఉంటే అంత్యక్రియలకు ₹15,000 ఇస్తారు.

ఇవి కాక, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబంలో 18 నుంచి 59 ఏళ్ల సంపాదనపరుడు పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకసారి ₹20,000 ఉంది. ప్రభుత్వ పింఛన్ల పథకం ఎన్టీఆర్ భరోసాలో వితంతు పింఛను నెలకు ₹4,000. గాజువాక, మధురవాడ వైపు హైవే మీద గుర్తు తెలియని బండి గుద్ది పారిపోయిన కేసైతే, 2022 నుంచి మరణానికి ₹2 లక్షలు, తీవ్ర గాయానికి ₹50,000 పరిహారం ఉంది. బండి నంబరు తెలియదు కదా, ఇక ఏమీ రాదని కుటుంబం వదిలేస్తుంది. నిజానికి నంబరు తెలియని కేసుల కోసమే ఆ పథకం పెట్టారు. ఎఫ్‌ఐఆర్ నకలు తెప్పించండి.

ఈ క్లెయిములన్నిటికీ అడ్డం పడేది పేరు. మన ప్రాంతంలో అప్పలరాజు, నూకరాజు, పైడితల్లి లాంటి పేర్లు ఆధార్‌లో ఒక ముక్కగా, పాస్‌బుక్‌లో రెండు ముక్కలుగా, ఇంగ్లీషు స్పెల్లింగు ప్రతిచోటా ఒక్కో రకంగా ఉంటాయి. ఆధార్, పాస్‌బుక్, రైస్ కార్డు, మరణ ధ్రువపత్రం నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. మరణ ధ్రువపత్రం ఇంకా రాయించలేదంటే ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. ఈ ఒక్క జాగ్రత్త ఆ ఇంటికి నెలల తిరుగుడు తప్పిస్తుంది.

మీ నిధి ఇవ్వాల్సింది ఈ దశలో రెండు విధాలు. కాగితాల ఖర్చు, నోటరీ, ఆటోలు, ఆ పనికి తిరిగినన్ని రోజుల కూలీ నష్టం కలిపి ₹2,000 నుంచి ₹3,000. ఆ డబ్బులు వచ్చేదాకా రెండు మూడు నెలల అద్దె. ఇంతకు మించి అక్కర్లేదు, దీనికి తగ్గితే సరిపోదు. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రిలో) పోయిన మనిషిని ఇంటికి చేర్చడానికి మహాప్రస్థానం వాహనం ఉచితమని కూడా ఆ సమయంలో ఎవరికీ గుర్తుండదు. ప్రైవేటు వ్యాను మాట్లాడేలోపు ఆ మాట చెప్పగలిగితే అదే సాయం.

జబ్బు పడిన ఇల్లు

చికిత్స బిల్లు కట్టొద్దు. ముందు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గరకు పంపి, ఆ చికిత్స ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్యసేవలో ఉందో లేదో తెలుసుకోండి. 104కు ఫోన్ చేసినా చెబుతారు. పథకంలో ఉన్న చికిత్సకు పథకం కింద ఉన్న ఆసుపత్రికే వెళ్లేలా చూస్తే మీ నిధి మొత్తం పెట్టినా రానంత మేలు జరుగుతుంది.

పథకం మొయ్యనివి మీరు మొయ్యాలి. డయాలసిస్ సంగతి చూడండి. వారానికి మూడుసార్లు, నెలకు 13 సార్లు. వైద్యసేవ కింద చేయించుకునేవారికి చికిత్సకు డబ్బు పడదు, నెలకు ₹10,000 పింఛను కూడా ఉంది. కానీ పింఛను మంజూరయ్యేలోపు నెలలు గడుస్తాయి. ఆరిలోవ నుంచి కేజీహెచ్‌కు ఆటో రానూపోనూ ₹300 అనుకున్నా నెలకు ₹3,900. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా అనొచ్చు. వెళ్లేటప్పుడు బస్సు సరిపోవచ్చు. డయాలసిస్ అయ్యాక కళ్లు తిరుగుతున్న మనిషి బస్సెక్కి కొండవాలు ఇంటికి మెట్లెక్కి పోలేదు. ఆటో డబ్బులు లేక వారానికి మూడు రెండవుతాయి, రెండు ఒకటవుతుంది, అక్కడ ప్రాణం మీదికి వస్తుంది. పింఛను మొదలయ్యేదాకా వచ్చేటప్పటి ఆటో చార్జీ ఇవ్వడం మీలాంటి నిధి చేయగల మంచి పనుల్లో మొదటి వరసలోది.

బయట రాసే పరీక్షలు, పెద్దవాళ్ల డైపర్లు, కూడా ఉన్న మనిషి తిండి కూడా పథకం మొయ్యనివే. అన్న క్యాంటీన్‌లో పూటకు ₹5కే భోజనం దొరుకుతుంది కాబట్టి తిండి ఖర్చు లెక్కేసేటప్పుడు హోటలు ధర వెయ్యక్కర్లేదు. వీల్‌చైరు, వాకర్, కమోడ్ కుర్చీ, ఎయిర్ బెడ్ లాంటివి మాత్రం కొనివ్వకుండా మీరే నాలుగైదు కొని, అరువు ఇచ్చి, పని తీరాక వెనక్కి తెచ్చుకోండి. ఒక్కో వస్తువు ఏళ్ల తరబడి ఇళ్లు తిరుగుతుంది.

ఒక హెచ్చరిక. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేయాలంటే అసలు బిల్లులు కావాలి. "లెక్క కోసం" అని మీరు ఒరిజినల్స్ దగ్గర పెట్టుకుంటే ఆ కుటుంబానికి రావాల్సిన పెద్ద సొమ్ము మీ చేతులతో ఆపినట్టే. మీకు జిరాక్సు చాలు. మీరిచ్చిన మొత్తం, తేదీ ఆ జిరాక్సు మీదే రాసుకోండి, అసలు బిల్లు మీద ఏ ముద్రా వెయ్యొద్దు.

మీ పరిధిలోని మనిషి ఎవరు

దీన్ని మొదటి మీటింగులోనే రాసిపెట్టుకోండి. కేజీహెచ్‌కు శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అవతల కోరాపుట్ నుంచి కూడా రోగులు వస్తారు. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి ఇంకా దూరం నుంచి వస్తారు. ఆసుపత్రి గేటు దగ్గర కనిపించిన ప్రతివారికీ ఇవ్వాలంటే ₹4 లక్షలు నెల కూడా ఆగవు. అందరూ అర్హులే, కానీ మీరు అందరి దగ్గరికీ వెళ్లి చూడలేరు. నడిచో, ఒక్క బస్సెక్కో చేరగలిగినంత దూరం మీ హద్దు. పెదజాలారిపేట, వాల్తేరు, ఆరిలోవ, హనుమంతవాక, వెంకోజీపాలెం చాలు. హద్దు దాటి వచ్చినవారికి ఇచ్చేందుకు ఏడాదికి ఒక చిన్న మొత్తం, ₹20,000 లాంటిది, విడిగా ఉంచుకుంటే మనసు కష్టపెట్టుకోనక్కర్లేదు.

హద్దులో ఉన్నారని చెప్పడానికి ఆధార్ అడ్రసు పట్టుకోవద్దు. ఆరిలోవలో చాన్నాళ్లుగా ఉంటున్న మనిషి ఆధార్‌లో టెక్కలి ఉంటుంది, రాయగడ ఉంటుంది. ఆరు నెలలుగా ఇక్కడ ఉంటే ఇక్కడి మనిషే. అంగన్‌వాడీ రిజిస్టరు, పిల్లల స్కూలు, గ్యాస్ డెలివరీ చీటీ, ఇంటి ఓనరు మాట, ఏదైనా చాలు.

అలాగే రైస్ కార్డు లేకపోతే పేదవాళ్లు కాదనుకోవద్దు. పట్టణంలో కుటుంబ ఆదాయ పరిమితి నెలకు ₹12,000గా పెట్టి కార్డులు ఇచ్చారు. దానికి తోడు కరెంటు వాడకం, కారు, ఆదాయపు పన్ను లాంటి వడపోతలున్నాయి. వేరే ఉంటున్న కొడుకు ఇంకా అదే కార్డులో ఉండి పన్ను రిటర్ను వేస్తే తల్లి కార్డు పోతుంది. రెండు మూడు వాటాలకు కలిపి ఒకే మీటరు ఉంటే కరెంటు యూనిట్ల వల్ల పోతుంది. మీలాంటి నిధి అవసరం అందరికన్నా ఎక్కువగా ఉన్నది ఇలా జాబితా నుంచి జారిపోయినవాళ్లకే.

పేర్లు ఎవరు చెబుతారంటే, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘాలు చూసే ఆర్పీలు (రిసోర్స్ పర్సన్లు), ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, ప్రభుత్వ బడి హెడ్మాస్టర్లు, వార్డు సచివాలయంలో సంక్షేమ కార్యదర్శి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో వీళ్లకు తెలుసు. కానీ ఒక్కరి మీదే ఆధారపడితే ఏడాదిలో ఆ ఒక్కరి చుట్టాలూ వీధివాళ్లే మీ లబ్ధిదారులవుతారు. కనీసం నలుగురు వేర్వేరు చోట్ల నుంచి పేర్లు పంపేలా చూసుకోండి. ఫారం మీద పైనే పెద్ద అక్షరాలతో "ఈ ఫారం ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు" అని అచ్చు వేయించి, కింద మీ ఫోను నంబరు ఇవ్వండి. ఆ మాట లేకపోతే ఫారానికి ₹100 తీసుకునే మనిషి ఎక్కడో ఒకచోట పుట్టుకొస్తాడు.

ఇంటికి వెళ్లినప్పుడు

ఇద్దరు వెళ్లండి, అందులో ఒకరు ఆడవాళ్లు ఉండాలి. ముందు ఫోన్ చేసి, వాళ్లకు వీలైన వేళకు వెళ్లండి. టీవీ ఉందా, ఫ్రిజ్ ఉందా అని చూడటం దండగ, అవి బాగున్న రోజుల్లో కొన్నవీ, వాయిదాల మీద తెచ్చినవీ అయి ఉంటాయి. గ్యాసు బండ నిండుగా ఉందో లేదో, మందుల షీటులో వేసుకోవాల్సిన మాత్రలు మిగిలిపోయి ఉన్నాయో, కరెంటు బిల్లులో పాత బకాయి ఎంతుందో చూడండి. మందులు పూటకు ఒకటి మానేసి సాగదీస్తున్నారంటే అంతకన్నా పెద్ద సాక్ష్యం లేదు.

"మీ ఆదాయం ఎంత?" అనే ప్రశ్నకు సరైన జవాబు రాదు. కూలి రోజుకొక రకంగా ఉంటుంది. "ఈ నెల ఏమేం ఆగిపోయాయమ్మా?" అని అడగండి. అద్దె, కిరాణా పద్దు, ఫీజు, చీటీ, ఒక్కొక్కటే బయటికి వస్తుంది. చివర్న మెల్లగా ఫైనాన్సు గురించి అడగాలి. రోజువారీ ఫైనాన్సు వాళ్లిచ్చే చిన్న కార్డు ఒకటి ఉంటుంది. తేదీ, కట్టిన మొత్తం, వసూలు చేసినవాడి పొడి సంతకం వరసగా ఉంటాయి. దాన్ని చాలామంది దేవుడి పటం వెనకో, బియ్యం డబ్బా కిందో పెట్టి, సిగ్గుపడి చూపించరు. ఆ కార్డు చూడకుండా చేతికి డబ్బిస్తే, సాయంత్రం వసూలుకు వచ్చినవాడి చేతికే మీ సాయం పోతుంది. ఆ అప్పు తీర్చడం మీ నిధి వల్ల కాదు, తీర్చినా మళ్లీ ఇస్తాడు. డబ్బు చేతికి కాకుండా అద్దెకో, ఫీజుకో నేరుగా కట్టాల్సిన ఇల్లు ఇది అని మీకు తెలియడమే ఆ కార్డు వల్ల ఉపయోగం. తాకట్టులో ఉన్న మంగళసూత్రం వేలం నోటీసు వచ్చిన కేసు మాత్రం వేరు. ఆ లోను నంబరుకు వడ్డీ నేరుగా కట్టి రసీదు తీసుకోవచ్చు.

డబ్బు ఏ దారిన పోవాలి

అద్దె ఇంటి ఓనరు ఖాతాకు, అద్దెకున్నవారి పేరు, నెల రాసి. కరెంటు బిల్లు ఈపీడీసీఎల్ యాప్‌లో వాళ్ల సర్వీసు నంబరు కొట్టి. ఫీజు స్కూలు ఖాతాకు. ఇంజనీరింగ్, డిగ్రీ ఫీజులకు ఒక చిక్కుంది. ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే మీరు కడతారు, తర్వాత ప్రభుత్వ సొమ్ము కూడా వస్తే ఒకే ఫీజు రెండుసార్లు చేరుతుంది. "రీయింబర్స్‌మెంటు వచ్చాక ఈ మొత్తం విద్యార్థికి తిరిగిస్తాం" అని కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాకే కట్టండి.

ఇంటి సరుకులకైతే బియ్యం బస్తాలు పంచొద్దు. కార్డున్న ఇంటికి బియ్యం వస్తాయి, లేనివి పప్పు, నూనె, గ్యాసు. ఆ వీధి కిరాణా కొట్లో వాళ్ల పద్దులో ₹2,000 జమ చేస్తే పాత బాకీ తగ్గుతుంది, ఆగిపోయిన అరువు మళ్లీ మొదలవుతుంది. మీరిచ్చిన ₹2,000తో ఇంకో నెల సరుకులు ఇంటికి చేరతాయి. కొట్టాయన ముందు వాళ్లు తలదించుకోకుండా, ఫోనులో మాట్లాడి పంపడం మర్యాద.

నేరుగా ఖాతాలో వెయ్యాల్సి వస్తే ఏ ఖాతా అన్నది అడగండి. వాయిదా కట్టని లోనుకు కలిపిన ఖాతాలో వేస్తే డబ్బు పడిన గంటలోనే వాయిదా కింద పోతుంది. కనీస నిల్వ లేని ఖాతాలో వేస్తే కొన్ని బ్యాంకుల్లో జరిమానాలు తినేస్తాయి. రెండేళ్లు వాడని ఖాతాలో జమ అయితే అవుతుంది గానీ, కేవైసీ ఇచ్చేదాకా తీసుకోనివ్వరు. కనీస నిల్వ అక్కర్లేని జన్‌ధన్ ఖాతా, అదీ ఇల్లాలి పేరిట ఉన్నది, అన్నిటికన్నా భద్రం. తాగుడు ఉన్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

వాట్సాప్‌లో తిరిగే "పసిబిడ్డకు అర్జెంటు ఆపరేషన్" ఫొటోలకు ఒక్క రూపాయి కూడా పంపే ముందు, అందులో ఇచ్చిన నంబరుకు కాకుండా ఆసుపత్రి సొంత వెబ్‌సైటులో ఉన్న ల్యాండ్‌లైనుకు ఫోన్ చేసి, ఇన్‌పేషెంట్ నంబరు చెప్పి కనుక్కోండి. డబ్బు పంపితే ఆసుపత్రి పేరిట ఉన్న ఖాతాకే.

ఎంత, ఎప్పుడు

₹4 లక్షల్లో ₹1.5 లక్షలు కదపకుండా ఉంచండి. అందులో ₹60,000 తుపాను లాంటి విపత్తులకే. మిగతా ₹2.5 లక్షలు రెండేళ్లలో ఖర్చు పెడితే నెలకు సుమారు ₹10,000, నెలవారీ ₹20,000తో కలిపి ₹30,000. ఇంటికి సగటున ₹4,000 అనుకుంటే నెలకు ఏడెనిమిది కుటుంబాలు. ఒక కుటుంబానికి ఏడాదికి ₹10,000 దాటొద్దు. అసలంతా ఫిక్స్‌డ్‌లో వేసి వడ్డీతో నడుపుదామని మీలో కొందరంటారు. 7 శాతం వచ్చినా ఏడాదికి ₹28,000, అంటే ఏడు ఇళ్లు. కష్టం ఇప్పుడుంది కాబట్టి ఇప్పుడే ఖర్చు పెట్టండి.

నెలలన్నీ సమానం కావు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్లు వెళ్లవు. వేటకు వెళ్లే మత్స్యకార కుటుంబాలకు 2025 నుంచి ప్రభుత్వం ₹20,000 ఇస్తోంది. హార్బరు మీద బతికే మిగతావాళ్లు, చేపలు అమ్మే ఆడవాళ్లు, ఐసు మోసేవాళ్లు, వలలు అల్లేవాళ్లు, ఆ జాబితాలో చాలావరకు ఉండరు. పెదజాలారిపేట మీ పరిధిలో ఉంటే ఆ రెండు నెలల్లో వాళ్లనే చూడండి. జూన్ అంటే స్కూళ్లు, పిల్లల చదువుకు ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం సొమ్ము తల్లి ఖాతాలో పడేలోపే పుస్తకాలు, బూట్లు కొనాలి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. అలాంటి వేళ మొదటి వారం అందరూ పులిహోర పొట్లాలు, దుప్పట్లు తెస్తారు. మీరు రెండో వారానికి ఆగి, ఎగిరిపోయిన రేకులకు, తడిసిన కాగితాలకు, కూలి దొరకని రోజులకు ఇవ్వండి. అప్పటికి మిగతావాళ్లంతా వెళ్లిపోయి ఉంటారు.

నిర్ణయం ఎవరు చేస్తారు

40 మంది వాట్సాప్ గ్రూపులో ఆధార్ కాపీలు, ఫొటోలు పెట్టి ఓటింగు పెట్టొద్దు. ఆ ఇంటి కష్టం ఊరంతా చదువుతుంది. ముగ్గురితో ఒక కమిటీ, వారానికోసారి కూర్చోవాలి. వారి ముందుకు పేరు లేకుండా కేసు నంబరుతో ఒక పేజీ వస్తే చాలు. ఆధార్ అవసరమైతే ఎనిమిది అంకెలు మూసిన మాస్క్‌డ్ కాపీ తీసుకోండి. ₹3,000 లోపు అత్యవసరాన్ని కార్యదర్శి ఒక్కరే మంజూరు చేసి తర్వాతి మీటింగులో చెప్పే అధికారం ఇవ్వండి. వారంలో తెగని దరఖాస్తు ఆ ఇంటిని మళ్లీ ఫైనాన్సువాడి దగ్గరికే పంపుతుంది. తన ఇంట్లో పనిచేసే అమ్మాయి, తన డ్రైవరు అయితే ఆ సభ్యుడు ఆ నిర్ణయంలో కూర్చోకూడదు. ఆ పేరు పంపొచ్చు. చెక్కు ఇస్తూ ఫొటో వద్దు, సన్మాన సభ అసలే వద్దు.

రిజిస్ట్రేషన్, పన్ను

ఇప్పుడు డబ్బు ఎవరో ఒకరి సొంత ఖాతాలో ఉంటే ముందు దాన్ని మార్చండి. ఆ సొమ్ము ఆయన ఆదాయంగా కనిపిస్తుంది, ఆయనకు ఏమైనా అయితే నిధి వారసుల చిక్కుల్లో పడుతుంది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులతో, నియమావళి రాసుకుని, జిల్లా రిజిస్ట్రారు దగ్గర సొసైటీ పెట్టుకోవచ్చు. తర్వాత సొసైటీ పేరిట పాన్, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా. ఏటా సర్వసభ్య సమావేశం అయ్యాక కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వడం మరిచిపోతారు. రెండు మూడేళ్లు పోయాక బ్యాంకు సంతకాలు మార్చాల్సి వచ్చినప్పుడు అదే అడ్డం పడుతుంది.

ఆదాయపు పన్ను మినహాయింపు, దాతలకు 80జి అని అందరూ పిలిచే రాయితీ విడిగా తెచ్చుకోవాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి, ఫారాల సంగతి ఆడిటరుతో చూసుకోండి. మీరు గుర్తు పెట్టుకోవాల్సినవి కొన్నే. ₹2,000 దాటిన నగదు విరాళానికి దాతకు రాయితీ ఉండదు. ఒక మనిషికి ఒకే రోజు ₹10,000 దాటి నగదు ఇస్తే అది ధర్మకార్యం ఖర్చుగా లెక్కకు రాదు. ఏడాది ఆదాయంలో 85 శాతం ఖర్చు పెట్టాలి. ఇక నియమావళిలో సాయం ఫలానా కులానికో మతానికో మాత్రమే అని రాస్తే ఆ రాయితీ రాదు. మన ఊళ్లో కుల సంఘాల పేరిట పెట్టిన నిధులు చాలా ఇక్కడే ఆగిపోతాయి.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపుతామంటే పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పౌరులు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చేది) ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి, మామూలుగా మూడేళ్ల పని, ₹15 లక్షల ఖర్చు చూపిస్తేగాని అది రాదు. అది లేకుండా ఒక్క డాలరు కూడా మీ ఖాతాలో పడనివ్వొద్దు.

కాదనడం, మళ్లీ రావడం

అడిగినవారిలో కొందరికి ఇవ్వలేరు. నాన్చకుండా, నిర్ణయమైన మూడు రోజుల్లో ఫోన్ చేసి చెప్పండి, కారణం చెప్పండి, ఇంకో దారి చెప్పండి. పింఛను, కార్డు ఆగినవారిని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీతో పంపండి, అర్జీ మీరే రాసిపెట్టండి. వృద్ధులకు 14567, ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్లకు 181, ఆస్తి తగాదాలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత వకీలు. ఈ నంబర్లు ఫారం వెనక అచ్చు వేయిస్తే, మీ దగ్గర డబ్బు దొరకనివారు కూడా ఉత్త చేతులతో వెళ్లరు.

మళ్లీ వచ్చేవారిని చూసి విసుక్కోవద్దు. అదే మనిషి నాలుగు నెలల్లో రెండోసారి వచ్చారంటే మొదటిసారి మీరు ఆగిన చోటు సరిగా పట్టుకోలేదని అర్థం కావచ్చు. పాత పేజీ తీసి, అప్పుడు రావాల్సి ఉన్న పింఛనో బీమానో ఎందుకు రాలేదో ముందు చూడండి. ఆ పని కోసం ఒక సభ్యుడికి నెలకు ఒక పూట కేటాయించి, సాయం తీసుకున్న ప్రతి ఇంటికీ రెండో నెలలో ఫోన్ చేయించండి. "వచ్చిందా?" అన్న ఒక్క ప్రశ్న చాలు. రాలేదంటే మళ్లీ వెళ్లాలి.